చిన్న గది ఖర్చు

ఆ బడిలో ఒక్క పిల్లవాడి కోసం పదకొండు మంది పిల్లల ముందున్న కంచం లాగేస్తున్నారు. వడ్రంగికి ఇందులో అనుమానం లేదు. అతని అనుమానాలన్నీ దీని తర్వాత మొదలయ్యాయి.

లెక్క అతను కట్టింది కాదు. అతను కూడా ఉన్న తల్లిదండ్రుల కమిటీ కూర్చున్న రోజు తనిఖీ అధికారి గోడకు ఒక అట్ట తగిలించి, పుల్లతో చూపిస్తూ చెప్పాడు. మామూలు పిల్ల మీద ఏడాదికి పెట్టే ఖర్చు ఈ గీత. చిన్న గదిలో చదివే పిల్లవాడి మీద పెట్టేది ఆ గీత. మొదటిది వేలెడు ఉంది. రెండోది అట్ట చివరిదాకా పోయి, చోటు చాలక ఆగిపోయింది.

"ఒకటికి పదకొండు," అన్నాడు అధికారి. "నేనేమీ అనను. మీరే ఆలోచించుకోండి."

కమిటీలో ఉన్న పాల వ్యాపారి ఆలోచించకుండానే పెద్దగా నిట్టూర్చాడు. కండక్టరు అట్టకేసి చూసి, "ఆ కుర్రాణ్ణి రోజూ విమానంలో తెస్తున్నారా సార్?" అన్నాడు. అందరూ నవ్వారు. వడ్రంగి నవ్వలేదు. భార్య పోయాక అతను నవ్వడం తగ్గించాడని కొందరంటారు. అంతకుముందు కూడా పెద్దగా నవ్వినట్టు ఎవరికీ గుర్తు లేదు.

ఆ సమయంలో అతను తన మనవరాలి తరగతిని తలచుకుంటున్నాడు. ఏటా సెలవుల్లో ఆ బెంచీలు బాగుచేసేది అతనే. ఇద్దరికి చేసిన బెంచీ మీద నలుగురు కూర్చుంటే కాళ్ళు ఎందుకు ఊడవు? కప్పు కారుతుంది, నల్లబల్ల మీద సుద్ద నిలవదు, వెనక వరసకు టీచరు గొంతు చేరదు. చిన్న గది సంగతి అలా కాదు. మెట్ల పక్కన ఒకప్పుడు చీపుర్లు, బకెట్లు పడేసే గది అది. ఇప్పుడు దానికి సున్నం వేశారు. తిరిగే ఫ్యాను ఉంది, నేల మీద మెత్తటి పరుపు ఉంది, ఒక్క పిల్లవాడికి పూర్తి జీతం మీద ఒక టీచరమ్మ ఉంది. ఆ పిల్లవాడు నడవలేడు, మాట రాదు. వడ్రంగి వాడికి ‘రాజావారు’ అని పేరు పెట్టాడు. గదికి ఇంకో పేరు పెట్టాడు. అది ఇంట్లో మాత్రమే అనేవాడు. బుర్రలేనివాళ్ళ గది.

కమిటీ ముగిశాక హెడ్మాస్టరు అతన్ని వరండాలో ఆపాడు.

"మేస్త్రీ, చిన్న గదిలో పిల్లవాడికి కుర్చీ కావాలి. కొన్న కుర్చీలో జారిపోతున్నాడు. వాడి ఒంటికి తగ్గట్టు నువ్వు చేసిపెట్టాలి."

"సింహాసనం అన్నమాట."

"ఏదో ఒకటి. కొలతలు తీసుకో. మధ్యాహ్నం పూట రా. పొద్దున మాత్రం రావద్దు."

"పొద్దున ఏం?"

హెడ్మాస్టరు జేబులో కళ్ళజోడు కోసం వెతికాడు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. "పొద్దున పాఠం జరుగుతుంటుంది," అన్నాడు.

ఒక్క పిల్లవాడికి పాఠం. కొలత తీసుకుంటే ఆగిపోయే పాఠం. వడ్రంగి ఆ మాట మనసులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం టేపూ పెన్సిలూ తీసుకుని వెళ్ళాడు. టీచరమ్మ నడివయసు మనిషి. గొంతు బొంగురు, మాట కటువు. పిల్లవాడు పరుపు మీద పక్కకు ఒరిగి ఉన్నాడు. వాడి తల్లి పక్కనే కూర్చుని వాడి గడ్డం తుడుస్తోంది. వీధి చివర బండి మీద బట్టలు ఇస్త్రీ చేస్తుంది ఆవిడ. పెట్టె వేడికి కుడి అరచెయ్యి తోలులా అయిపోయింది.

"నడుం దగ్గర వాడికి ఎడమ వైపు పట్టు ఉండదు బాబాయ్," అంది ఆవిడ. "అక్కడ ఏదన్నా అడ్డం పెడితే నిటారుగా కూర్చుంటాడు."

వడ్రంగి మోకాళ్ళ మీద కూర్చుని కొలిచాడు. తొడ, పిక్క, భుజానికీ భుజానికీ మధ్య. కొలిచేటప్పుడు పిల్లవాడి చెయ్యి దానంతటదే లేచి టేపు పట్టుకుంది. వదలలేదు. వడ్రంగి లాగలేదు. వేళ్ళు వాటంతట అవే విడిపోయేదాకా ఆగి, అంకె రాసుకున్నాడు.

ఆ ఆగిన కాసేపట్లోనే అతను బల్ల చూశాడు.

గది మధ్యలో పొట్టి బల్ల ఒకటి ఉంది. దాని అంచు నాలుగు వైపులా అరిగి, జిడ్డు పట్టి, నల్లగా మెరుస్తోంది. చెక్క ఊరికే అలా మెరవదు. రోజూ చేతులు ఆనాలి. పెద్దవాళ్ళ చేతులైతే మెరుపు పైకి ఉంటుంది. ఇది కిందికి ఉంది, అంటే చిన్న చేతులు. నేల మీద కుర్చీ కాళ్ళ గీతలు బల్ల చుట్టూ ఉన్నాయి. రాజావారు కుర్చీలో కూర్చోలేరు కాబట్టే కదా తనను పిలిచారు.

"ఈ బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారమ్మా?" అన్నాడు.

ఇస్త్రీ ఆవిడ కొడుకు గడ్డాన్ని ఇంకోసారి తుడిచింది. అది అప్పటికే పొడిగా ఉంది.

"ఇక్కడ ఉన్నది ఒక్కడే పిల్లవాడు," అంది టీచరమ్మ. "రిజిస్టరు చూపించమంటారా?"

"నేను రిజిస్టరు అడగలేదు."

"మరి కుర్చీ సంగతి చూడండి మేస్త్రీ."

అతను బయటికి వస్తుంటే గేటు దగ్గర ఎవరో పిల్ల తల్లి టీచరమ్మ చేతిలో ఒక సంచి పెట్టి, అటూ ఇటూ చూసి, గబగబా వెళ్ళిపోయింది. టీచరమ్మ సంచిని కొంగు కింద పెట్టుకుంది.

ఇంక చెప్పేదేముంది? సర్కారు ఫ్యాను, సర్కారు జీతం, సర్కారు గది. రాజావారిని ఓ మూల పడుకోబెట్టి, డబ్బున్న పిల్లలకు ట్యూషన్. దీని కోసమే పొద్దున రావద్దన్నది. హెడ్మాస్టరుకూ అందులో వాటా ఉండే ఉంటుంది. పదకొండు మంది కూడు ఎటు పోతోందో అతనికి కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

ఆ సాయంత్రం ఇంట్లో అతను కుర్చీ కాళ్ళకు చెక్క కోస్తున్నాడు. ముందు గదే అతని పని చోటు. మనవరాలు రంపపు పొట్టులో కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. బక్కగా, గడగడా వాగుతూ ఉంటుందని అతను దాన్ని ‘పిచ్చుక’ అంటాడు. చదువులో ఘటికురాలని అతని నమ్మకం. పద్యమైనా పాఠమైనా పుస్తకం చూడకుండా ఒక్క గుక్కలో అప్పజెబుతుంది. ఈ వంశంలో అంత జ్ఞాపకం ఎవరికీ లేదు.

"ఇది చదువు," అన్నాడు జిగురు డబ్బా చూపించి.

పిచ్చుక డబ్బాను దగ్గరికి లాక్కుంది. ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, ఆగి ఆగి చదివింది.

"ఏంటే ఆ నత్తనడక? పద్యం చెప్పేటప్పుడు గుర్రంలా పరిగెత్తుతావు!"

"పోనీలే నాన్నా," అంది లోపలి నుంచి కూతురు. కుట్టు ఫ్యాక్టరీలో పొద్దున మొదలు బొత్తాం కాజాలు కుట్టి అప్పుడే వచ్చింది. ఇంకా చెప్పులు విప్పలేదు. "చదివిందిగా. తప్పు లేకుండా చదివిందిగా."

"చదివింది. తెల్లారేటట్టు చదివింది." అతను రంపం పక్కన పెట్టాడు. "నీకో సంగతి చెప్తాను విను. ఆ బుర్రలేనివాళ్ళ గదిలో దొంగ వ్యాపారం జరుగుతోంది. ఆ టీచరమ్మ లోపల ట్యూషన్ పెట్టింది."

పిచ్చుక డబ్బా కింద పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది. కూతురు గుమ్మంలోకి వచ్చింది.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. బల్ల చెప్పింది."

"బల్ల మాట్లాడిందా? టీచర్లతో మనకెందుకు నాన్నా గొడవ? పిల్ల ఆ బళ్ళోనే చదవాలి."

"దాని గురించే. దాని బెంచీకి కాళ్ళు లేవు. అవతల రాజావారికి సింహాసనం. నోరు మూసుకుని కూర్చోమంటావా?"

కూతురు చెప్పులు విప్పి పక్కన పెట్టింది. "నువ్వు ఎవరికైనా చెప్పావా?"

"ఇంకా లేదు."

"చెప్పకు."

"ఎందుకు?"

"చెప్పకు అంతే." వెళ్ళిపోయింది. లోపల తల్లీ పిల్లా గుసగుసలు వినిపించాయి. అతను తలుపు వైపు చూస్తూ ఉండిపోయాడు. కూతురు కూడా ఆ టీచరమ్మకు డబ్బులు కడుతోందా? జీతంలో ఎంత పోతోంది? తన ఇంట్లోనే తనకు చెప్పకుండా నడుస్తోందన్నమాట. ఆ రాత్రి కూతురు పెట్టిన అన్నం తిన్నాడు గానీ ఆమె మొహం చూడలేదు.

మర్నాడు పొద్దున్నే, రావద్దన్న వేళకే, బడి వెనక గోడ పక్కన నిలబడ్డాడు. చిన్న గది కిటికీకి పాత దుప్పటి కట్టి ఉంది. తలుపు గడియ పెట్టి ఉంది. లోపల పిల్లల గొంతులు. ఒకటి కాదు, రెండు కాదు. మధ్యలో బొంగురు గొంతు, "మళ్ళీ, తొందర లేదు, మళ్ళీ" అంటోంది. ఏదో గలగలా రాలిన చప్పుడు, నవ్వు. చిల్లర డబ్బు చప్పుడులా వినిపించింది వడ్రంగికి.

అక్కడి నుంచి నేరుగా తనిఖీ కార్యాలయానికి నడిచాడు.

అధికారి టీ తాగుతున్నాడు. అంతా విని గ్లాసు కింద పెట్టాడు. వడ్రంగిని ‘కూర్చో’ అన్నాడు. ఆ కార్యాలయంలో ఎవరూ ఎప్పుడూ అతన్ని కూర్చోమనలేదు.

"ఒక్కడికని ఇచ్చిన టీచరు ఇంకొందరికి చెబుతోంది. అంటే ఆ ఒక్కడికి అంత టీచరు అక్కర్లేదు. అంతేగా?"

"ట్యూషన్ సార్. డబ్బులు."

"డబ్బుల సంగతి తర్వాత. నాకు ఇది చాలు. ఆ గది మూసేయమని పైనుంచి ఎప్పటినుంచో ఒత్తిడి ఉంది. కారణం దొరక్క ఆగాం. ఆ పిల్లవాణ్ణి పట్నంలో అలాంటి పిల్లల హాస్టలుకు పంపిస్తాం." అధికారి ముందుకు వంగాడు. "ఎల్లుండి విచారణ పెడతాను. కమిటీ ముందు నువ్వే చెప్పాలి. వెనక్కి పోవు కదా?"

"నేను వెనక్కి పోయే మనిషిని కాను."

"అప్పటిదాకా నీ పేరు బయటికి రాదు. ఆ ఖర్చు మిగిలితే బెంచీలు కొత్తవి చేయిద్దాం. నువ్వే చేద్దువుగాని."

వడ్రంగి లేచి దండం పెట్టాడు. దారిలో బెంచీల కొలతలు మనసులో వేసుకున్నాడు. ఇస్త్రీ బండి పక్కనుంచి పోతుంటే ఆవిడ, "బాబాయ్, కుర్చీ ఎంతవరకు వచ్చింది?" అని కేక వేసింది. వినపడనట్టు నడిచాడు. పట్నం హాస్టలు అన్న మాట కాలిలో ముల్లులా ఉంది. అయినా నడిచాడు.

కుర్చీ ఆ రాత్రికే అయిపోయింది. పని పనే. అందులో అతను ఎవరికీ అన్యాయం చేయడు. ఎడమ నడుం దగ్గర దిమ్మ పెట్టాడు, మోచేతుల కింద పలకలు గుండ్రంగా మలిచాడు, ఎక్కడా వేలికి గరుకు తగలకుండా కాగితంతో రుద్దాడు. విచారణ ఒక రోజు ఉందనగా పొద్దున్నే కుర్చీ భుజాన వేసుకుని బడికి బయల్దేరాడు. మధ్యాహ్నం కాదు, పొద్దున్నే. లోపల ఎంతమంది అని కమిటీ అడిగితే తడుముకోకూడదు. కళ్ళతో చూసి చెప్పాలి.

తలుపు తట్టాడు. లోపల గొంతులు ఆగిపోయాయి.

"ఎవరు?"

"కుర్చీ."

గుసగుసలు. ఇస్త్రీ ఆవిడ గొంతు, "మా బాబాయే, కుర్చీ తెచ్చాడు" అంది. గడియ తీసింది. టీచరమ్మ వద్దనేలోపే అతను కుర్చీతో సహా లోపలికి వచ్చేశాడు.

పిల్లలు బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. డబ్బున్న ఇళ్ళ పిల్లలు కారు. ఒకడు చెత్త బండి తోసేవాడి కొడుకు. ఒకతె ఊడ్చే ఆమె కూతురు. రాజావారు టీచరమ్మ ఒడిలో ఆనుకుని ఉన్నారు. బల్ల మీద గుట్టగా సీసా మూతలు, ఒక్కో మూత మీద రంగుతో ఒక్కో అక్షరం. కిటికీ వైపు చివర్లో కూర్చున్న పిల్ల మూతలు వరసగా పేర్చి, వేలితో ఒక్కొక్కటీ ముందుకు జరుపుతూ, రాజావారి కోసం చదువుతూ మధ్యలో ఆగిపోయి ఉంది.

పిచ్చుక.

అది రెండు చేతులూ మూతల మీద బోర్లించింది.

"తాతా, అమ్మకు చెప్పొద్దు," అంది. వెంటనే నాలుక కరుచుకుంది. "అమ్మకు తెలుసులే. నీకే తెలీదు."

వడ్రంగి కుర్చీ దించాడు. దించిన చప్పుడుకు రాజావారు ఉలిక్కిపడి, ఆనక నవ్వారు.

"బయటికి పొండి. నీళ్ళు తాగి రండి," అంది టీచరమ్మ పిల్లలతో. పిచ్చుక అతని పక్కనుంచి ఒళ్ళు దగ్గరికి ముడుచుకుని వెళ్ళింది. అతని చేతికి తగలకుండా వెళ్ళింది.

"అది పద్యాలన్నీ చెబుతుంది," అన్నాడు అతను.

"చెబుతుంది. ఒక్కసారి వింటే చాలు. చదవడం మాత్రం రాదు. అక్షరాలు దాని కళ్ళ ముందు తిరిగిపోతాయి. తెలివి లేక కాదు. ఇన్నేళ్ళు అందరినీ నమ్మించడానికి ఎంత తెలివి కావాలో మీకు తెలీదు. నా దగ్గరికి వచ్చినప్పుడు సొంత పేరు కూడా బొమ్మ గీసినట్టు గీసేది."

"ఇంట్లో చెప్పాలి కదా."

"చెప్పాను. దాని తల్లి ఇక్కడే కూర్చుని ఏడ్చింది. ‘దానికి చదువు చెప్పండి గానీ మా నాన్నకు మాత్రం తెలియనివ్వద్దు’ అంది. ఈ గదికి మీరు పెట్టిన పేరు కూడా చెప్పింది."

ఇస్త్రీ ఆవిడ తల వంచుకుని పరుపు దులుపుతోంది.

"రిజిస్టరులో రాయొచ్చు," అన్నాడు వడ్రంగి.

"రాయాలంటే పెద్దాసుపత్రి కాగితం తేవాలి. అది వచ్చేసరికి పిల్లలకు పెళ్ళిళ్ళవుతాయి. రాయకుండా చెబితే తప్పు. ఈ గదికి వచ్చే ఖర్చు ఈ ఒక్కడి పేరు మీద వస్తుంది. ఇంకొకరికి ఓనమాలు దిద్దించానని తెలిస్తే చాలు, పోస్టు తీసేస్తారు. వీడు పట్నం పోతాడు, వాళ్ళు మళ్ళీ వెనక బెంచీకి పోతారు." టీచరమ్మ మూతలు ఒక సంచిలోకి ఊడ్చింది. గేటు దగ్గర అతను చూసిన సంచే. "రేపు విచారణట. ఎవడో పుణ్యాత్ముడు చేరవేశాడు. ముందు నిలబడి చెప్తాడట. చూద్దాం ఆ మొహం."

"డబ్బులు తీసుకుంటారా?"

"ఏం డబ్బులు?"

"ట్యూషన్‌కి."

ఆవిడ బొంగురుగా నవ్వింది. "మూతలు అడుగుతాను. టీ కొట్ల దగ్గర ఏరుకొస్తారు. ఇదీ నా సంపాదన. తూకం వేసి చూసుకోండి."

రాజావారిని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టారు. నడుం దిమ్మ కొంచెం బిగుతుగా ఉంది. అతను మరలు విప్పి, దిమ్మ తీసి, ఒక పొర చిత్రిక పట్టి, మళ్ళీ బిగించాడు. పిల్లవాడు పక్కకు ఒరగకుండా నిలిచాడు. ఎవరి చెయ్యీ లేకుండా, తల నిటారుగా పెట్టి గది మొత్తం ఒకసారి చూశాడు. వాళ్ళమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"వీడు నన్ను ఎదురుగా చూడటం ఇదే మొదలు బాబాయ్," అంది. "ఎప్పుడూ పక్కనుంచే చూస్తాడు."

అతను చిత్రిక సంచిలో పెట్టుకోలేదు. పొట్టి బల్ల దగ్గరికి వెళ్ళి దాన్ని ఒక పక్కకు పడుకోబెట్టాడు. అంచు మీద చిత్రిక ఆనించి తోశాడు. నల్లటి జిడ్డు పొర చుట్టలు చుట్టుకుని నేల మీద పడింది. కింద తెల్లటి చెక్క తేలింది. ఒక వైపు అయ్యాక రెండో వైపు తిప్పాడు.

టీచరమ్మ చూస్తూ నిలబడింది. మొదట ఆమెకు అర్థం కాలేదు. మూడో వైపు తిప్పేసరికి అర్థమైంది.

"మీరా," అంది.

అతను తోస్తూనే ఉన్నాడు.

"మీ మనవరాలు ఇక్కడ కనపడకపోతే ఈ బల్ల ఇలాగే ఉండేది కదా మేస్త్రీ? రేపు మీరు చెప్పేవారు. వీడు పోయేవాడు."

ఇస్త్రీ ఆవిడ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఆ తర్వాత అతన్ని ‘బాబాయ్’ అనలేదు.

అతను నాలుగో వైపు కూడా పట్టాడు. నేల మీద గీతలను తడి గుడ్డతో, గరుకు కాగితంతో రుద్దాడు. పొట్టు ఊడ్చి గుడ్డలో మూట కట్టుకున్నాడు. వెళ్ళేటప్పుడు వాళ్ళెవరూ వెళ్ళి రమ్మనలేదు, అతనూ వస్తాననలేదు.

మర్నాడు విచారణకు హెడ్మాస్టరు గదిలో కుర్చీలు చాల్లేదు. పాల వ్యాపారి, కండక్టరు, ఇంకా ఇద్దరు కమిటీవాళ్ళు గోడకు ఆనుకుని నిలబడ్డారు. టీచరమ్మ తలుపు పక్కన చేతులు కట్టుకుంది. హెడ్మాస్టరు మొహంలో నెత్తురు లేదు. అధికారి మాత్రం పెళ్ళికి వచ్చినవాడిలా ఉన్నాడు.

"ఈ పెద్దాయన మన కమిటీ మనిషే. నిజాయితీపరుడు. చెప్పు మేస్త్రీ. చిన్న గదిలో ఏం చూశావు?"

"ఒక్క పిల్లవాణ్ణి చూశాను."

"అదికాదు. నాతో చెప్పావే, అది చెప్పు."

"మీతో చెప్పింది అబద్ధం సార్."

గదిలో కాళ్ళు కదిలిన చప్పుడైంది. అధికారి నవ్వు ఇంకా పెదాల మీదే ఉంది, దాని పని అయిపోయినట్టు తెలియక.

"భయపడకు. ఎవరన్నా బెదిరించారా?"

"నన్నెవరు బెదిరిస్తారు?"

"మరి ఎందుకు చెప్పావు?"

వడ్రంగి ఆ సంగతి దారిలో ఆలోచించుకునే వచ్చాడు. "కుర్చీకి కూలి తక్కువ కట్టారు. కడుపు మండింది. చెప్పాను."

"బల్ల అంచు అన్నావు? నేల మీద గీతలన్నావు?"

"వడ్రంగిని కదా. బల్ల మీదే కథ అల్లాను."

అధికారి లేచి చిన్న గదికి నడిచాడు. అందరూ వెనకాల వెళ్ళారు. రాజావారు కొత్త కుర్చీలో నిటారుగా కూర్చుని వచ్చినవాళ్ళందరినీ ఎదురుగా చూశారు. అధికారి బల్ల అంచు మీద వేలు పెట్టి జరిపాడు. వేలికి ఏమీ అంటలేదు.

"కొత్తగా చిత్రిక పట్టారే."

"కుర్చీ ఎత్తుకు సరిపోవాలని నేనే పట్టాను," అన్నాడు వడ్రంగి.

అప్పుడు హెడ్మాస్టరు ఒంటికాలి మీద లేచాడు. బతికిపోయిన మనిషి గొంతు అది, అవసరానికి మించి పెద్దది. "ఈ వయసులో ఒక ఆడమనిషి మీద నింద వేయడానికి సిగ్గు లేదూ? నాలుగు డబ్బుల కోసం బడి పరువు తీస్తావా? నీలాంటి వాణ్ణి కమిటీలో పెట్టుకోవడం మా బుద్ధి తక్కువ!"

వడ్రంగి ఆ తిట్లన్నీ నిలబడి విన్నాడు. తిడుతున్న మనిషికి నిజం తెలుసు. తిట్టించుకుంటున్నవాడికి తెలుసని కూడా తెలుసు. టీచరమ్మ కిటికీ దుప్పటి కేసి చూస్తోంది. అతను మేలు చేశాడన్న చూపు ఆమె వైపు నుంచి రాలేదు. అతను దానికోసం చూడనూ లేదు.

కమిటీలోంచి అతని పేరు కొట్టేశారు. సెలవుల్లో బెంచీల పని పక్క వీధి వడ్రంగికి ఇచ్చారు. వాడు మేకులు కొట్టి పోతాడు, బెంచీలు ఏడాది కూడా ఆగవు. టీ కొట్టు దగ్గర కండక్టరు అతను వచ్చినప్పుడల్లా, "జరగండ్రా, సత్యహరిశ్చంద్రుడికి చోటివ్వండి" అనేవాడు. పాల వ్యాపారి వాళ్ళావిడ పెట్టె బాగుచేయడానికి ఇచ్చింది, పని కాకముందే మనిషిని పంపి తెప్పించుకుంది. అతను టీ తాగేవాడు, గ్లాసు కడిగే నీళ్ళలో ముంచి పెట్టేవాడు, లేచేవాడు. ఒక్క మాట చెబితే ఆ నవ్వులన్నీ ఆగిపోతాయి. ఆ ఒక్క మాటతో చిన్న గదికి తాళం పడుతుంది.

లెక్క ఇప్పటికీ తప్పే. అందులో అతని మనసు మారలేదు. వెనక బెంచీ పిల్లలకు ఇప్పటికీ కప్పు కారుతూనే ఉంది, వేలెడు గీత వేలెడే ఉంది. ఆ గీత గీసినవాణ్ణీ అతను క్షమించలేదు, తన ఇంటి పిల్ల సంగతి తన ఇంట్లోనే తనకు దాచినవాళ్ళనూ క్షమించలేదు. కూతురు రెండు మూడుసార్లు, "నాన్నా, ఆ రోజు" అని మొదలుపెట్టింది. అతను సుత్తి తీసుకునేవాడు. ఆమె మాట ఆ చప్పుడులో పోయేది. పిచ్చుక మాత్రం ఏమీ అడగలేదు. పొట్టులో కూర్చుని, కొట్టు నుంచి వచ్చిన పొట్లాం కాగితాల మీద వేలు పెట్టి నత్తలా చదువుకునేది. అతను రంపం ఆపి వినేవాడు. తొందర పెట్టడం మానేశాడు.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం అధికారి జీపు వాళ్ళ గుమ్మం ముందు ఆగింది. అధికారి దిగాడు. ఈసారి తనే నిలబడి, వడ్రంగిని కూర్చోమన్నాడు. అతని ఇంట్లో అతన్నే.

"నువ్వు మొదట చెప్పిందే నిజమని నాకు తెలుసు మేస్త్రీ. బల్లలు అబద్ధాలు ఆడవు, చిత్రిక పట్టిన చేతులు ఆడతాయి. నీ పేరు బయటికి రానివ్వను. నా చెవిలో ఒక్క మాట చెప్పు. ఈ మండలంలో బడి బెంచీల పనంతా నీది. నీ మీద పడ్డ మచ్చ కూడా నేనే తుడుస్తాను."

లోపల పిచ్చుక చదువు ఆగింది. కూతురు గుమ్మం చాటున నిలబడిందని గాజుల చప్పుడు చెప్పింది.

వడ్రంగి చేతిలో ఉన్న చెక్కను వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి, వంకర ఉందేమో చూశాడు. ఉంది. బల్ల మీద పెట్టి బిగించాడు.

"సార్, ఆ సంగతి కమిటీ ముందు ఒకసారి చెప్పాను. మళ్ళీ చెప్పను. మీకు చెప్పను, నన్ను తిట్టినవాళ్ళకు చెప్పను, ఈ ఇంట్లోవాళ్ళకు చెప్పను. నన్ను పాడె మీద పడుకోబెట్టి అడిగినా నా నోట రాదు. జీపు దారికి అడ్డంగా ఉంది, తీయించండి."

చిత్రిక అందుకుని తోశాడు.